గీకకుండా కుదరదా?

మన ఇళ్ళల్లో పాత చెక్క సామానుకి మామూలుగా రెండే గతులు. ఒకటి, "పాత సామాను కొంటాం" అని మైకులో అరుచుకుంటూ వచ్చే ఆటోవాడికి అప్పగించడం. రెండు, పాలిష్ వాళ్ళని పిలిచి, లోపలి పచ్చి చెక్క కనబడేదాకా మిషనుతో గీకించి, లప్పం పట్టించి, అద్దంలా మెరిసే పాలిష్ కొట్టించడం. మొదటిదాంట్లో వస్తువు పోతుంది. రెండోదాంట్లో వస్తువు మిగులుతుంది గానీ, అది మన తాతలదో మొన్న షోరూములో కొన్నదో ఎవరికీ తెలీదు.

ఈ రెండూ కాకుండా మూడో దారి ఒకటుంది. ఉన్న పాలిష్‌ని ఉంచి, దాని మీద మురికి మాత్రం తీసి, అవసరమైన చోట పల్చగా మళ్ళీ పట్టించడం. ఇది ఖర్చు తక్కువ కాబట్టి చెయ్యమనడం లేదు. చాలా పాత సామానుకి అదే సరైన పద్ధతి అని నా వాదన. ఎందుకో చెప్తాను.

మనవాళ్ళకి ఈ గొడవ కొత్తేం కాదు. ఏ ప్రాజెక్టులోనైనా కొత్తగా చేరినవాడి మొదటి మాట "ఈ కోడంతా చెత్తగా ఉంది, మొదట్నుంచీ మళ్ళీ రాసేద్దాం" అనే కదా. నెట్‌స్కేప్ వాళ్ళు బ్రౌజర్ని మొత్తం తిరగరాయాలనుకున్న సంగతి మీద జోయెల్ స్పోల్‌స్కీ 2000 ఏప్రిల్లో ఒక వ్యాసం రాశాడు. పాత కోడు చూడ్డానికి వికారంగా ఉండేది, ఏళ్ళ తరబడి దొరికిన తప్పుల్ని సరిచేస్తూ వచ్చిన గుర్తులు అందులో ఉంటాయి కాబట్టి అని ఆయన చెప్పింది. చెక్క సామానుకీ అదే వర్తిస్తుంది. ఒక్కటే తేడా. కోడుకి వెర్షన్ కంట్రోల్ ఉంది, గీకిన చెక్కకి లేదు.

ఇంతకీ ఇదంతా ఎందుకొచ్చిందంటే, గురజాల దగ్గర మా ఊళ్ళో తాతయ్య కట్టిన ఇల్లు పోయినేడు పంపకాలకొచ్చింది. ఇంట్లో సామానులో చెప్పుకోదగ్గవి నాలుగు: టేకు బీరువా, పందిరి మంచం, పడక కుర్చీ, రాత బల్ల. పందిరి మంచం బాబాయి వాళ్ళకెళ్ళింది. వాళ్ళు వెంటనే మిషను పెట్టి గీకించి పాలిష్ చేయించారు. నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగానే ఉంది. కాకపోతే మంచంకోళ్ళ మీద చెక్కిన చిలకల ముక్కులు అరిగిపోయాయి. ఇప్పుడు అవి చిలకలో పావురాలో చూసేవాళ్ళ ఊహ మీద ఆధారపడి ఉంది :-)

బీరువా మా వంతుకొచ్చింది. 1961లో తాతయ్య పెళ్ళికి చేయించిందట. అరవై ఏళ్ళు దాటింది కాబట్టి నల్లబడి, జిడ్డుబట్టి, పిడి చుట్టూ మరీ నల్లగా ఉంది. నరసరావుపేటలో నాన్న వాళ్ళ కొత్త ఫ్లాటుకి అది తీసుకెళ్ళాలంటే గీకించాల్సిందేనని ఇంటిల్లిపాదీ తీర్మానం.

అడ్డం పడింది ఆ బీరువా తలుపు లోపలి వైపు. అక్కడ పాలిష్ లేదు, ఒట్టి చెక్క. దాని మీద తాతయ్య పెన్సిల్‌తో ఏవేవో రాసుకున్నాడు. నాన్న పుట్టిన తారీఖు, టైము, నక్షత్రం. అత్తయ్యది, బాబాయిది అలాగే. సాగర్ కుడి కాలువ నీళ్ళు మా చేలోకి మొదటిసారి ఎక్కిన రోజు. (ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. మా చేలోకి రావడానికి ఇంకా టైము పట్టింది.) 1977 నవంబరు ఉప్పెన నాటి గాలికి పెరట్లో వేపచెట్టు కూలిందని ఒక లైను. ఎవరికో ఇచ్చిన అప్పు ఒకటి, దాని మీద అడ్డగీత. అంటే తీరిందన్నమాట.

నాయనమ్మకి చదువు రాదు. కానీ ఏ లైను ఏమిటో ఆవిడకి తెలుసు. తాతయ్య రాసినప్పుడల్లా చదివి వినిపించేవాడట. "ఇది మీ నాన్నది. దాని కింద మీ అత్తది. ఆ పక్కన కొట్టేసింది ఫలానా వాళ్ళ బాకీ" అని తలుపు మీద వేలు పెట్టి వరసగా చెప్పేస్తుంది. ఆవిడకి అది రాత కాదు, చోటు. ఫలానా ఎత్తులో ఫలానా సంగతి.

నాన్న మాత్రం చాలా ప్రాక్టికల్ మనిషి. "దానికేముందిరా, ఫోనులో ఫోటో తీసి పెట్టుకో. క్లౌడులో పెడతావో ఏం చేస్తావో నీ ఇష్టం. గీకించేద్దాం" అన్నాడు. బ్యాకప్ తీసి సర్వర్ పడేద్దాం అన్నట్టు. ఫోటోలో అక్షరాలుంటాయి సరే, నాయనమ్మ వేలు పెట్టే చోటు ఉండదు కదా అన్నాను. నాన్న ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. మా ఇంట్లో ఇది దాదాపు ఒప్పుకున్నట్టే.

తర్వాత పాలిష్ కుర్రాడొచ్చి చూశాడు. లోపలా బయటా మొత్తం గీకాలి, లేకపోతే పాలిష్ పట్టదు అన్నాడు. ఆ మాట నిజమా కాదా అని ఊళ్ళో ఆచారి గారిని అడిగాను. డెబ్భై దాటినాయన. మిషన్లు రాకముందు చేత్తో పాలిష్ పట్టిన తరం. ఆయన చూపుడువేలు కొనతో స్పిరిట్ చుక్క బీరువా వెనక మూల పెట్టి, కాసేపాగి వేలితో తాకాడు. జిగురుగా అంటుకుంది.

"ఇది లక్క పాలిషయ్యా. స్పిరిట్ తగిలితే కరుగుద్ది. కొత్తది పూస్తే పాతదీ కొత్తదీ కలిసి ఒకటైపోతయ్. దీన్ని గీకేదెందుకు?" అన్నాడు.

నా వాదనంతా ఈ మాటలో ఉంది. కొంచెం వివరంగా చెప్పుకుందాం.

లక్క అనేది మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టే గూడు నుంచి వస్తుంది. దాన్ని కరిగించి, వడకట్టి, పల్చటి రేకులుగా చేస్తే అవి స్పిరిట్‌లో కరుగుతాయి. ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులు చేసింది దీంతోనే. ఇప్పటికీ మనం మింగే కొన్ని మాత్రల మీద నున్నటి పూత ఇదే. ఏటికొప్పాక బొమ్మల మీద ఆ మెరుపు కూడా లక్కదే. ఈ లక్క మీద పరిశోధనకి బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే, 1924లో, రాంచీ దగ్గర ఒక సంస్థ పెట్టారు. మన పాత ఇళ్ళల్లో ఫ్రెంచ్ పాలిష్ అనేది ఈ లక్కనే దూది ఉండతో పొర మీద పొర పట్టించడం. పేరుకే ఫ్రెంచ్, సరుకు మనదే.

దీనికో మంచి గుణం ఉంది. ఎన్నేళ్ళ తర్వాతైనా మామూలుగా మళ్ళీ స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే కొత్త పొర వేస్తే అది పాతదాన్ని కాస్త కరిగించి దాంట్లో కలిసిపోతుంది. గీకాల్సిన పని ఉండదు. ఇప్పుడు వేసే మెలమైన్, పీయూ పాలిష్‌లు అలా కాదు. అవి ఆరేటప్పుడు రసాయనికంగా గట్టిపడతాయి, ఆ తర్వాత దేంట్లోనూ తేలిగ్గా కరగవు. నీళ్ళకీ వేడికీ బాగా తట్టుకుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో పొరలు లేచినప్పుడు మళ్ళీ గీకాల్సిందే, వేరే దారి ఉండదు. అంటే ఇవాళ ఒక్కసారి గీకి పీయూ కొడితే, మన తర్వాత వాళ్ళు కూడా గీకేట్టు మనమే నిర్ణయించేసినట్టు. గీకిన ప్రతిసారీ చెక్క కొంత పోతుంది. చిలకల ముక్కులు ఎన్నిసార్లు తట్టుకుంటాయి చెప్పండి?

సరే, పని దగ్గరికొద్దాం. సంక్రాంతి సెలవుల్లో ఆచారి గారితో కలిసి మూడు రోజులు చేశాం. పద్ధతి ఇది:

1. ముందు అది ఏ పాలిషో తేల్చాలి. కనబడని చోట ఒక చుక్క స్పిరిట్ పెట్టి రెండు నిమిషాలు ఆగండి. జిగురుగా మారితే లక్క. ఏమీ కాకపోతే ఇంకో చోట థిన్నర్ చుక్క పెట్టండి. దానికి మెత్తబడితే లాకర్. రెంటికీ చలించకపోతే పీయూ, మెలమైన్ లేదా పాత వార్నిష్. వెర్షన్ ఏంటో తెలుసుకోకుండా ప్యాచ్ వెయ్యకూడదు కదా.

2. తర్వాత శుభ్రం చెయ్యడం. నీళ్ళు పోసి కడగొద్దు. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, సబ్బు నీళ్ళల్లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కొంచెం కొంచెం తుడుస్తూ, వెంటనే పొడిగుడ్డతో ఆర్పాలి. జిడ్డు పోకపోతే టర్పెంటైన్ వాడొచ్చు. అది మైనాన్నీ నూనెనీ తీస్తుంది గానీ లక్కని కదిలించదు. మా బీరువాకి ఈ ఒక్క పనికే ఒక రోజు పట్టింది. పల్నాడులో ఇల్లంటే సగం గోడౌనే కదా. మిరపకాయల బస్తాలు, పత్తి, సాంబ్రాణి పొగ, పండగలప్పుడు మెరుస్తుందని రాసిన కొబ్బరినూనె... గుడ్డలన్నీ నల్లగా అయ్యాయి. సాయంత్రానికి కింద తేనెరంగు టేకు బయటపడింది. నల్లగా ఉన్నది చెక్క కాదు, జిడ్డు! చాలా ఇళ్ళల్లో పని ఇక్కడితోనే అయిపోతుంది. ఈ మెట్టు దాటకుండా గీకాలని నిర్ణయించడం, లాగ్ చూడకుండా సర్వర్ ఫార్మాట్ చెయ్యడం లాంటిది.

3. వదులైన కీళ్ళు బాగు చెయ్యడం. మా బీరువాకి కింద ఒక కుసి వదులైంది. మేకు కొడితే ఆ పూటకి ఆగుతుంది, కొన్నాళ్ళకి చెక్క చీలుతుంది. పాత సామానులో వాడింది జంతువుల తోలు, ఎముకలు ఉడికించి చేసిన జిగురు. వేడినీళ్ళకి మెత్తబడుతుంది. దాన్ని తీసేసి కొత్త జిగురు పెట్టి, తాడుతో బిగించి ఒక రోజు వదిలేశాం. పాత జిగురు మీదే ఫెవికాల్ పోస్తే సరిగా పట్టదు.

4. తెల్ల మచ్చలు. వేడి గిన్నె, తడి గ్లాసు పెట్టిన చోట వచ్చే తెల్లటి వలయాలు చాలావరకు చెక్క దాకా వెళ్ళవు. లక్క పొరలో చిక్కుకున్న తేమ అది. గుడ్డకి స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, ఆగకుండా ఒక్కసారి తేలిగ్గా లాగితే చాలావి పోతాయి. ఒకేచోట రుద్దితే పాలిష్ లేచిపోతుంది, జాగ్రత్త. మచ్చ నల్లగా ఉంటే మాత్రం నీళ్ళు చెక్కలోకి దిగాయని అర్థం. అది అలా ఉండనివ్వడమే నయం.

5. లక్క పూత. లీటరు స్పిరిట్‌కి దాదాపు 120 గ్రాముల లక్క రేకులు వేసి, అప్పుడప్పుడూ కదుపుతూ ఒక రాత్రి ఉంచి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. కలిపింది ఆర్నెల్లకి మించి దాచొద్దు, ఆ తర్వాత సరిగా ఆరదు. దూది ఉండని పాత పంచెగుడ్డలో చుట్టి, అందులో ముంచి, చెక్క పోగు వెంబడి ఒక్కో గీతా చకచకా లాగాలి. తడి మీద మళ్ళీ వెనక్కి రావద్దు. గంట గంట తేడాతో రెండు మూడు పూతలు చాలు. వానాకాలంలో చెయ్యొద్దు. స్పిరిట్ ఆరేటప్పుడు గాల్లో తేమని లాగి పొర తెల్లబడుతుంది. అలాగని రెంటచింతల ఎండల్లో మే నెలలో మొదలుపెడితే, గీత పూర్తయ్యేలోపే ఆరిపోయి చారలు పడతాయి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మంచు విడిచాక, తొమ్మిదింటి తర్వాత మొదలుపెట్టడం మంచిదని ఆచారి గారి లెక్క. తలుపులు తీసి పెట్టండి. దగ్గర్లో పొయ్యి, బీడీ, అగరొత్తి ఏవీ ఉండకూడదు.

6. చివర్లో మైనం. తేనెమైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, మంటకి దూరంగా తెచ్చి టర్పెంటైన్ కలిపితే వెన్నలా అవుతుంది. పల్చగా రాసి, అరగంటాగి, మెత్తటి గుడ్డతో రుద్దాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టి మళ్ళీ అదే నల్లటి జిడ్డవుతుంది.

ఇంకొకటి, మన వైపు వాళ్ళకి ప్రత్యేకంగా. నాపరాళ్ళ గచ్చు రోజూ నీళ్ళు పోసి కడుగుతాం కదా. బీరువా కాళ్ళ అడుగు భాగం ఆ నీళ్ళు పీల్చి పీల్చి మెత్తబడుతుంది, చెదలు కూడా ముందు అక్కడే పడతాయి. పైన ఎంత మెరిసినా లాభం లేదు. కాళ్ళ అడుగున రెండు పూతలు లక్క పట్టించి, కింద చిన్న రబ్బరు బిళ్ళలు పెట్టాం. నా లెక్కలో ఆ మూడు రోజుల్లో చేసిన అతి ముఖ్యమైన పని ఇదే.

తలుపు లోపలి వైపు మాత్రం ఏమీ చెయ్యలేదు. పొడి బ్రష్‌తో దులిపి వదిలేశాం. పెన్సిల్ గీత మీద గుడ్డ పెట్టి రుద్దితే చెదిరిపోతుంది. కొన్నిచోట్ల అసలు చెయ్యి పెట్టకపోవడమే పని.

మరి పాలిష్ కుర్రాడు గీకాల్సిందే అని ఎందుకన్నాడు? మోసం చేద్దామని కాదు. అతనికి డబ్బులిచ్చేది చదరపు అడుగు లెక్కన. పైగా కొట్టిన పీయూ ఆర్నెల్లకి లేచిపోతే మనం నిలదీసేది అతన్నే. కింద ఏ పొర ఉందో తెలియని చోట, ఆ జిడ్డు మీద పీయూ నిలబడుతుందని అతను గ్యారంటీ ఇవ్వలేడు. గీకేస్తే ఏ అనుమానమూ ఉండదు. అతని వైపు నుంచి చూస్తే అది సబబే. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టు తీసుకున్నవాడు లెగసీ కోడు జోలికి వెళ్ళనంటాడు, అంతే కదా! అందుకే ఇలాంటి పనికి అడుగుల లెక్క కుదరదు. రోజు కూలి మాట్లాడుకోవాలి, ఈ రోజు శుభ్రం చెయ్యడం, రేపు కీళ్ళు, ఎల్లుండి పూత అని. ఆచారి గారికి మేం అలాగే ఇచ్చాం. మెల్లగా చెయ్యడానికి డబ్బులిస్తే మెల్లగా చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎంతకాలం ఉంటారన్నది వేరే ప్రశ్న. చేత్తో లక్క పట్టించడం ఆయన కొడుకులెవరూ నేర్చుకోలేదు. అడిగేవాళ్ళు లేనప్పుడు నేర్చుకుని ఏం చేస్తారు?

పాతదాన్ని గీకొద్దు అని పోట్లాడింది మనమే మొదలు కాదు. ఇంగ్లండులో పాత చర్చిల్ని బాగుచేస్తున్నామంటూ గోడల మీద పాత గచ్చునంతా గీకేస్తుంటే విలియం మోరిస్‌కి ఒళ్ళు మండి, 1877లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘానికి ముద్దుపేరు "యాంటీ స్క్రేప్", అంటే గీకుడు వ్యతిరేక సంఘం! తమాషా ఏంటంటే ఆయన సొంత వ్యాపారంలో ఫర్నిచరు కూడా ఒకటి. మన మాచర్ల దగ్గర చూడండి. సాగర్ జలాశయంలో మునిగే లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన శిల్పాల్ని కాపాడి నాగార్జునకొండ మీద మ్యూజియంలో పెట్టారు. విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. ముక్కు పోయిన బొమ్మకి కొత్త ముక్కు చెక్కి నున్నగా రుద్దితే బాగుండునని అక్కడ ఎవరికీ అనిపించదు. లాంచీలో వెళ్ళి వాటిని చూసి మురిసిపోయి ఇంటికొచ్చి, మన బీరువాకి మాత్రం మిషను పెడతాం.

అలాగని గీకడం పాపం అని కూడా అనను. పీయూ పొరలు లేచిపోయి ఉంటే గీకాల్సిందే. చెదలు తిన్న పలక మార్చాల్సిందే. రోజూ వేడి గిన్నెలు పెట్టే భోజనాల బల్లకి లక్క పనికిరాదు, పీయూనే నయం. మంచి టేకు మీద ఎవరో ఎప్పుడో ఎనామెల్ రంగు కొట్టి ఉంటే అది తీయాలనిపించడం సహజం. కానీ అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు రంగుని మిషనుతో పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. దాన్ని తెలిసినవాళ్ళతో, తడిగా, ఇంటి బయట చేయించాలి.

ఆ రెండు మూడు సందర్భాలు తీసేస్తే, మిగతా వాటికి గీకడం చివరి మెట్టు, మొదటిది కాదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో నల్లబడ్డ బీరువానో పడక కుర్చీనో ఉంటే, పాలిష్ వాళ్ళకి ఫోను చేసే ముందు వెనక మూల ఒక చుక్క స్పిరిట్ పెట్టి చూడండి. పిడి చుట్టూ ఒక జానెడు మేర టర్పెంటైన్‌తో తుడిచి చూడండి. తలుపు లోపల ఎవరైనా ఏమైనా రాశారేమో కూడా చూడండి.

మా బీరువా ఇప్పుడు నరసరావుపేట ఫ్లాటులో ఉంది. అద్దంలా ఏం మెరవట్లేదు. వచ్చినవాళ్ళు "పాలిష్ చేయించలేదా?" అని అడుగుతూనే ఉన్నారు. నాన్న "చేయించాం, కనబడకుండా" అంటున్నాడు. ఓ పదేళ్ళకి మళ్ళీ మసకబారుతుంది. అప్పుడు ఒక పూట పని. మా తర్వాత వాళ్ళకి ఇది నచ్చక మొత్తం గీకేసి కొత్తగా చేయించుకుంటామంటే వాళ్ళిష్టం. ఆ అవకాశం వాళ్ళకి మిగిలే ఉంది. మేం గీకేసి ఉంటే, ఉంచుకునే అవకాశం వాళ్ళకి మిగిలేది కాదు.